వెలుగు ఢిల్లీ చేరేలోపు ఎక్కడ ఆగాలి?

సికింద్రాబాద్ నుంచి న్యూఢిల్లీకి రైలు దారి 1,660 కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారి పొడవునా ఒక ఫైబర్ పోగు వేశామనుకుందాం. లెక్కకు అనువుగా 1,600 కిలోమీటర్లు పెట్టుకుందాం. సికింద్రాబాద్‌లో ఒక మిల్లీవాట్ లేజర్ వెలిగిస్తే సెకనుకు సుమారు 7,800 లక్షల కోట్ల ఫోటాన్లు బయల్దేరతాయి. మంచి ఫైబర్ కిలోమీటరుకు 0.2 డెసిబెల్ వెలుతురును మాత్రమే మింగుతుంది. అంటే నూటికి నాలుగున్నర వంతు. వినడానికి ఇది చాలా తక్కువ. కానీ దారిలో ఏ సాయమూ అందకపోతే ఢిల్లీలో ఒక ఫోటాన్‌కూ ఇంకో ఫోటాన్‌కూ మధ్య సగటున 40 కోట్ల సంవత్సరాల ఎడం ఉంటుంది.

డెసిబెల్ లెక్కలో 3 అంటే సగం, 10 అంటే పదో వంతు, 20 అంటే వందో వంతు. 1,600ను 0.2తో గుణిస్తే 320. అంటే 1 పక్కన 32 సున్నాలు పెట్టి భాగించాలి. డెసిబెల్‌లలోకి మారిస్తే గుణకారాలన్నీ కూడికలైపోతాయి కాబట్టి ఈ రంగంలో పనిచేసేవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూడికలూ తీసివేతలే చేస్తుంటారు. ఈ కథనానికి కూడా అంతకు మించిన గణితం అక్కర్లేదు.

వెలుతురును దారిలో ఆదుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది యాంప్లిఫయర్. వచ్చిన వెలుతురును వెలుతురుగానే ఉంచి బలం పెంచి పంపుతుంది. అందులో ఏముందో దానికి తెలియదు. రెండోది రీజెనరేటర్. వెలుతురును కరెంటుగా మార్చి, అందులోని ఒకట్లనూ సున్నాలనూ చదివి, తప్పులు దిద్ది, కొత్త లేజర్‌తో మళ్లీ పంపుతుంది. చిత్తు ప్రతిని జిరాక్స్ తీయడానికీ, చదివి సాపు ప్రతి రాయడానికీ ఉన్న తేడా ఇది. జిరాక్స్ త్వరగా అవుతుంది, ఏ భాషలో రాసినా పనిచేస్తుంది, కానీ కాగితం మీది మరకలు కూడా వెంట వస్తాయి. సాపు ప్రతిలో మరకలుండవు. అయితే రాసేవాడికి ఆ భాష రావాలి, కాగితానికొక మనిషి కావాలి.

1988 డిసెంబరులో అట్లాంటిక్ అడుగున మొదలైన టాట్-8 కేబుల్ పూర్తిగా రెండో పద్ధతిది. అమెరికా నుంచి బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ వేసిన ఆ కేబుల్ ఒక్కో ఫైబర్ జతలో సెకనుకు 280 మెగాబిట్‌లు మోసేది. ఒకేసారి 40,000 టెలిఫోన్ సంభాషణలు నడిచేవి. దారి పొడవునా కొన్ని పదుల కిలోమీటర్లకొకటి చొప్పున సముద్రం అడుగున రీజెనరేటర్లుండేవి. ప్రతిదాంట్లో లేజర్, డిటెక్టర్, గడియారం, ఎలక్ట్రానిక్స్. అవన్నీ 280 మెగాబిట్‌ల కోసమే తయారయ్యాయి. ఒడ్డున ఎంత గొప్ప యంత్రం పెట్టినా నీటి అడుగున ఉన్న గడియారం వేగం మారదు. ఆ కేబుల్ 2002లో విశ్రాంతి తీసుకుంది. గాజు పోగు పాడై కాదు, దాని సామర్థ్యం కాలానికి చాలక.

అప్పటికి యాంప్లిఫయర్ వచ్చి పదిహేనేళ్లయింది. 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇమ్మాన్యుయెల్ దెసుర్వీర్ బృందం ఎర్బియం కలిపిన ఫైబర్‌తో వెలుతురు బలాన్ని పెంచి చూపించాయి. పది ఇరవై మీటర్ల ప్రత్యేకమైన పోగు, దాన్లోకి 980 లేదా 1,480 నానోమీటర్ల పంపు లేజర్. ఎర్బియం అయాన్లు ఆ శక్తిని పట్టుకుని పై స్థాయికి చేరతాయి. 1,550 నానోమీటర్ల ప్రాంతంలోని సిగ్నల్ ఫోటాన్ ఒకటి వచ్చి తాకితే అచ్చం అలాంటిదే ఇంకో ఫోటాన్‌ను వదులుతాయి. ఐన్‌స్టయిన్ 1917లో చెప్పిన ఉత్తేజిత ఉద్గారం ఇదే. ఫైబర్ అతి తక్కువ వెలుతురును మింగేది 1,550 నానోమీటర్ల దగ్గరే కావడం, ఎర్బియం పనిచేసేది కూడా అక్కడే కావడం ప్రకృతి చేసిన మేలు.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన అంకె ఒకటుంది. ఎర్బియం అయాన్ పై స్థాయిలో దాదాపు 10 మిల్లీసెకన్లు నిలుస్తుంది. సెకనుకు 10 గిగాబిట్‌లు పంపితే ఒక బిట్ నిడివి 0.1 నానోసెకను. అంటే అయాన్ ఆయుష్షు బిట్ ఆయుష్షుకు 10 కోట్ల రెట్లు. ఒకటి వచ్చిందా, సున్నా వచ్చిందా అన్నది గమనించేంత వేగం ఎర్బియానికి లేదు. సగటు వెలుతురును బట్టి నిదానంగా నడుచుకుంటుంది. అందుకే ఒకే పోగులో 80 రంగుల సిగ్నళ్లు కలిసి పోతున్నా ఒకదాని బిట్ల నీడ మరోదానిమీద పడదు. నానోసెకన్లలో స్పందించే సెమీకండక్టర్ యాంప్లిఫయర్లకు ఈ నెమ్మది లేకపోవడమే పెద్ద అడ్డంకి అయింది.

మన ఢిల్లీ దారికి వద్దాం. 80 కిలోమీటర్లకొక అంచె చొప్పున 20 అంచెలు, నడుమ 19 మజిలీలు. 80 రంగులకూ ప్రతి మజిలీలో సాపు ప్రతి రాయాలంటే 19ను 80తో గుణించాలి: రెండు దిక్కులకూ పనిచేసే 1,520 రీజెనరేటర్లు. యాంప్లిఫయర్లయితే మజిలీకి రెండు, పోవడానికొకటి, రావడానికొకటి. మొత్తం 38. 1995–96లో టాట్-12/13 యాంప్లిఫయర్లతో అట్లాంటిక్ దాటి ఒక్కో జతలో 5 గిగాబిట్‌లు మోసింది. ఆ తర్వాత సుదూర మార్గాల్లో ప్రతి మజిలీలోనూ రీజెనరేటర్ పెట్టే ఆలోచన పక్కకు పోయింది.

అయినా రీజెనరేటర్లు వెంటనే మాయం కాలేదు. గాజులో ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది. 1,550 దగ్గర మామూలు ఫైబర్‌లో ఈ చెదురు ఒక నానోమీటరుకు, ఒక కిలోమీటరుకు 17 పికోసెకన్లు. 10 గిగాబిట్‌ల పాతకాలపు సిగ్నల్ దాదాపు 60 కిలోమీటర్లు పోయేసరికి పక్క బిట్‌లోకి ఒలికిపోయేది. వేగం నాలుగింతలైతే ఆ దూరం పదహారో వంతుకు, నాలుగు కిలోమీటర్లకు పడిపోతుంది. దీన్ని సరిచేయడానికి వ్యతిరేక లక్షణమున్న ఫైబర్ చుట్టలు మజిలీల్లో పెట్టేవారు. 2010 ప్రాంతంలో వచ్చిన, వెలుతురు బలాన్నే కాక దశను కూడా చదివే కోహెరెంట్ రిసీవర్ల చిప్ ఆ పనిని లెక్కల్లోకి మార్చేసింది. ఢిల్లీ దారిలో పోగయ్యే చెదురు, 1,600ను 17తో గుణిస్తే, నానోమీటరుకు 27,200 పికోసెకన్లు. చివరన ఉన్న చిప్ దాన్ని అంకెల్లోనే తిరగేసి తుడిచేస్తుంది. రీజెనరేటర్ చేసే మూడు పనుల్లో, అంటే బలం పెంచడం, రూపం దిద్దడం, సమయం సరిచేయడంలో, చివరి రెండూ దారి వదిలి రెండు చివరలకూ చేరిపోయాయి.

మిగిలింది రొద. పై స్థాయిలో ఉన్న అయాన్లన్నీ సిగ్నల్ కోసం కాచుకుని కూర్చోవు. కొన్ని వాటంతటవే ఫోటాన్‌ను వదిలేస్తాయి, ఆ పిచ్చి ఫోటాన్ కూడా తర్వాతి యాంప్లిఫయర్లలో సిగ్నల్‌తోపాటే పెరుగుతుంది. బలం బాగా పెంచే యాంప్లిఫయర్ ఎంత శ్రద్ధగా తయారుచేసినా రొద 3 డెసిబెల్‌ల కంటే తగ్గదన్నది క్వాంటం నియమం. వాడకంలో ఉన్నవి 4 నుంచి 6 మధ్య ఉంటాయి. మనం 5 అనుకుందాం.

ఇప్పుడు ఈ రంగమంతా నడిచే ఒక చిన్న సూత్రం. చివరకు చేరేసరికి సిగ్నల్ రొద కంటే ఎన్ని డెసిబెల్‌లు పైన ఉంటుందో కావాలంటే 58తో మొదలుపెట్టాలి. ఆ 58 ఫోటాన్ శక్తి నుంచీ, రొదను 0.1 నానోమీటరు పట్టీలో కొలిచే ఆనవాయితీ నుంచీ పుట్టిన అంకె, కంపెనీలు నిర్ణయించింది కాదు. దానికి ఒక్కో రంగు బలాన్ని కలపాలి, ఒక అంచె నష్టాన్ని తీసేయాలి, యాంప్లిఫయర్ రొదను తీసేయాలి, అంచెల సంఖ్యను డెసిబెల్‌లోకి మార్చి తీసేయాలి. 80 కిలోమీటర్ల అంచెలో గాజు నష్టం 16 డెసిబెల్‌లు. అతుకులకు మరో 4 కలిపితే 20. ఒక మిల్లీవాట్ అంటే డెసిబెల్‌లో సున్నా. 20 అంచెలంటే 13. కాబట్టి 58 నుంచి 20, 5, 13 తీసేస్తే మిగిలేది 20.

ఇరవై చాలా? 100 గిగాబిట్‌ల కోహెరెంట్ సిగ్నల్‌కు 12.5 డెసిబెల్‌లుంటే సరిపోతుంది. ఏడున్నర మిగులుతో ఢిల్లీ చేరుతుంది, మధ్యలో ఎక్కడా సాపు ప్రతి అక్కర్లేదు. అసలు మెలిక 400 గిగాబిట్‌ల దగ్గర మొదలవుతుంది.

వెలుతురును పంపడానికీ అందుకోవడానికీ ఇప్పుడు విరివిగా వాడుతున్న ఓపెన్ జెడ్‌ఆర్ ప్లస్ మాడ్యూళ్లు అరచేతిలో ఇమిడిపోతాయి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటాయి. 200 గిగాబిట్‌లకు 16 డెసిబెల్‌లు, 300కు 21, 400కు 24 కావాలి. ఇవి దాదాపు రెట్టింపు వెడల్పు జాగా తీసుకుంటాయి కాబట్టి రంగుకు రెట్టింపు బలం ఇవ్వవచ్చు, అంటే 3 డెసిబెల్‌లు కలుస్తాయి. మన 20 కాస్తా 23 అవుతుంది. 400కు ఒక్క డెసిబెల్ తక్కువ పడింది.

బలం ఇంకాస్త పెంచితే పోలేదా అని తోస్తుంది. కుదరదు. వెలుతురు మరీ ఎక్కువైతే గాజు గుణమే మారి రంగులు ఒకదాన్నొకటి గెలుకుతాయి. ఆ గెలుకుడు రొద బలం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. బలం రెట్టింపైతే అది ఎనిమిదింతలు. కాబట్టి బలానికి ఒక మేలైన చోటు ఉంటుంది, దాన్ని దాటితే నష్టమే.

అయితే భోపాల్ దగ్గర రీజెనరేటర్ పెడదాం. భోపాల్ సరిగ్గా సగం దారిలో లేకపోయినా లెక్కకు అనువుగా ఉందనుకుంటే, దారి రెండు ముక్కలైంది, ఒక్కోటి పది అంచెలు. అంచెలు సగమైతే 3 డెసిబెల్‌లు కలిసొచ్చి 26 అవుతుంది. 400కు కావాల్సిన 24 పోను 2 మిగులు. బాగానే ఉంది. ఇంకో దారి చూద్దాం: ఎక్కడా ఆగకుండా 300 గిగాబిట్‌లతోనే సరిపెట్టుకుంటే 23లోంచి 21 పోయి, ఇక్కడా 2 డెసిబెల్‌లే మిగులు. భద్రత సరిసమానం. ఇప్పుడు ఖర్చు చూడాలి.

ఢిల్లీకి 1,200 గిగాబిట్‌లు కావాలనుకోండి. 300 చొప్పున నాలుగు రంగులు, రంగుకు రెండు చివరలా ఒక్కో మాడ్యూల్: మొత్తం 8. అదే 400 చొప్పున మూడు రంగులైతే చివర్లలో 6, భోపాల్‌లో రంగుకు రెండేసి చొప్పున మరో 6: మొత్తం 12. మాడ్యూల్‌కు 20 వాట్లనుకుంటే 160 వాట్లకు బదులు 240. పైగా భోపాల్‌లో స్థలం, ఏసీ, బ్యాటరీలు, విడి భాగాలు. రీజెనరేటర్ దారిలో దక్కేది ఒక్కటే, ఒక రంగు జాగా ఆదా. ఫైబర్‌లో వాడుకోదగ్గ పట్టీ 4.8 టెరాహెర్ట్జ్, రంగుకు 75 గిగాహెర్ట్జ్ చొప్పున 64 రంగులు పడతాయి. అవి నిండనంతవరకూ ఆ ఆదాకు విలువ లేదు. నిండిన రోజున మాత్రం లెక్క తిరగబడుతుంది. 300తో 19.2 టెరాబిట్‌లు, 400తో 25.6. మరో 1,600 కిలోమీటర్లు కొత్త ఫైబర్ పాతడం కంటే భోపాల్‌లో 128 మాడ్యూళ్లు పెట్టడం చౌక కావచ్చు.

అందుకే "రీజెనరేటర్ పాతది, యాంప్లిఫయర్ కొత్తది" అన్న మాటను నేను ఒప్పుకోను. ఏది ఎక్కడ అన్నది డెసిబెల్ తేల్చాలి. ఆ డెసిబెల్‌ను ఎక్కువగా తేల్చేది ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లు కూడా కాదు, రోడ్డు పక్క గుంతలో కూర్చుని ఫైబర్ అతికించే మనిషి. అంచె నష్టంలో అతుకులకు 4 డెసిబెల్‌లు వేశాం కదా. కేబుల్ డ్రమ్ము 2 కిలోమీటర్లదైతే 80 కిలోమీటర్లలో ఇంచుమించు 40 అతుకులు. ఒక్కోటి 0.1 అయితే 4 డెసిబెల్‌లు. శ్రద్ధగా అతికించి 0.05కు తెస్తే రెండే. అప్పుడు అంచె నష్టం 18. ఢిల్లీ లెక్క 23 నుంచి 25కు ఎక్కుతుంది, ఒక్క రీజెనరేటర్ కూడా లేకుండా 400 గిగాబిట్‌ల గీత దాటేస్తుంది. భోపాల్‌లో పెట్టదలచిన 128 మాడ్యూళ్లు ఇచ్చే 3 డెసిబెల్‌లలో రెండింటిని మంచి స్ప్లైసింగ్ ఇచ్చేసింది.

మన దేశంలో ఈ లెక్క రోజూ వెనక్కి నడుస్తోంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, మంచినీటి పైపు వేసినప్పుడో జేసీబీ పంటి కింద కేబుల్ తెగుతుంది. మధ్యలో కొత్త ముక్క వేసి అతికిస్తారు, తెగిన ప్రతిసారీ రెండు అతుకులు అదనం. అర్ధరాత్రి వానలో, వీలైనంత త్వరగా లైన్ నిలబెట్టాలన్న ఒత్తిడిలో పడే అతుకు 0.05 ఉండదు. లైన్ మళ్లీ నిలబడింది కాబట్టి ఆ ఫిర్యాదు ముగిసినట్టే లెక్క. పోయిన డెసిబెల్ ఎవరి ఖాతాలోనూ పడదు. కొన్నేళ్ల తర్వాత వేగం పెంచాలనుకున్నప్పుడు అది రీజెనరేటర్ బిల్లుగా బయటపడుతుంది. టెండర్లలో కిలోమీటర్లకు కట్టే ధర పక్కనే అంచె నష్టానికి కూడా హద్దు రాయాలనీ, మరమ్మతు తర్వాత కొలిచిన అంకెను నమోదు చేయాలనీ నేను గట్టిగా కోరుకుంటాను.

సముద్రంలో ఇదే సూత్రం వేరే జవాబు చెబుతుంది. అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో ప్రాంతానికి 2017లో పూర్తయిన మరేయా కేబుల్ పొడవు సుమారు 6,600 కిలోమీటర్లు, 8 ఫైబర్ జతలు. అంత దూరం 20 డెసిబెల్‌ల అంచెలతో పోతే రంగుకు ఒక మిల్లీవాట్‌తో 13.8 మిగులుతుంది, 200 గిగాబిట్‌లకు కూడా చాలదు; బలం రెట్టింపు చేసినా 16.8, మిగులు ఒక డెసిబెల్ కూడా ఉండదు. సముద్రంలో జేసీబీలు లేవు, అతుకులు తక్కువ, వాడే గాజు ఇంకా మేలైనది. అంచె 60 కిలోమీటర్లు, నష్టం 10 డెసిబెల్‌లు అనుకుంటే అంచెలు 110 అయినా అదే ఒక మిల్లీవాట్‌తో చివరికి 22.6 మిగులుతుంది. యాంప్లిఫయర్లు పెరిగాయి, రొద తగ్గింది. వెలుతురు బాగా చిక్కిపోయాక పెంచడం కంటే చిక్కకముందే పెంచడం మేలు. ప్రతిసారీ ఎక్కువ పెంచాల్సి వస్తే ప్రతిసారీ ఎక్కువ రొద కలుస్తుంది.

ఆ 109 చోట్లా రీజెనరేటర్లు పెట్టామనుకోండి. 8 జతలు, 64 రంగులు, రెండేసి మాడ్యూళ్లు, 20 వాట్లు: మొత్తం 22 లక్షల వాట్ల పైచిలుకు. పది చోట్ల మాత్రమే పెట్టినా రెండు లక్షల వాట్లు దాటుతుంది. కేబుల్ లోపలి రాగి గొట్టం గుండా ఒడ్డు నుంచి పంపే కరెంటు సుమారు ఒక ఆంపియర్, వోల్టేజీ పది పదిహేను వేలు. చేతికొచ్చేది 15 వేల వాట్లు. అంతకు చాలా మించి సముద్రంలోకి నెట్టే దారి లేదు. 25 ఏళ్లు ముట్టుకోకుండా పనిచేయాలన్నది ఇంకో షరతు. అందుకే నీటి అడుగున యాంప్లిఫయర్లే. దానివల్ల వచ్చిన లాభం టాట్-8కు దక్కనిది. మరేయాను జతకు 20 టెరాబిట్‌ల లెక్కన రూపొందిస్తే, 2019లో అదే పోగుల మీద, ఒడ్డున కొత్త పరికరాలు పెట్టి, జతకు 26.2 టెరాబిట్‌లు పంపి చూపించారు. నీళ్లలో దేన్నీ ముట్టుకోలేదు. 2020 ఆగస్టు 10న మొదలైన చెన్నై–అండమాన్ కేబుల్ కూడా 2,312 కిలోమీటర్ల పొడవున ఇదే కుటుంబానికి చెందినది.

సముద్రం నుంచి వచ్చిన వెలుతురు ఒడ్డున ఆగాలా, ఆగకుండా లోపలి ఊళ్ల డేటా సెంటర్ దాకా పోవాలా అన్నది మన రాష్ట్రాలకు నేరుగా తగిలే ప్రశ్న. హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్ రీజియన్ ఉంది, తూర్పు తీరాన సముద్రపు కేబుళ్లు ప్రధానంగా దిగేది చెన్నైలో. సింగపూర్–చెన్నై దూరం 3,200 కిలోమీటర్లు, 60 చొప్పున 53 అంచెలు: రొద లెక్క 25.8. చెన్నై–హైదరాబాద్ ఫైబర్ దారి 720 కిలోమీటర్లనుకుంటే, 80 చొప్పున 9 అంచెలు: 23.5. నాలుగో వంతు కూడా లేని నేల దారి, బంగాళాఖాతం దారి కంటే 1.7 రెట్ల రొద చేస్తోంది. రెండూ కలిస్తే 21.5. రంగుకు రెట్టింపు బలమిస్తే 24.5, 400 గిగాబిట్‌లకు అర డెసిబెల్ మిగులు. అంత సన్నని మిగులును ఏ ఇంజినీరూ నమ్మడు. చెన్నైలో సాపు ప్రతి రాయాల్సిందే, లేదా నేల మీది అంచెలను బాగుచేయాల్సిందే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్నీ, దానితోపాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు దిగే స్థావరాన్నీ ప్రకటించింది. కేబుల్ దిగే ఊళ్లోనే డేటా సెంటర్ ఉంటే ఈ 9 అంచెల రొద లెక్కలోంచి తుడుచుకుపోతుంది. తీరపు ఊళ్లకు ఉన్న ఈ బలం గురించి భూముల ధరల చర్చలో ఎవరూ మాట్లాడరు.

ఎంత బలమైన వెలుతురున్నా రీజెనరేటర్ తప్పని చోట్లు కొన్నుంటాయి. నాగ్‌పూర్ లాంటి కూడలిలో నాలుగు దిక్కుల దారులు కలుస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన రంగు ఢిల్లీ వైపు అప్పటికే వాడుకలో ఉంటే ఆ సిగ్నల్‌ను వేరే రంగులోకి మార్చాలి. యాంప్లిఫయర్ ఆ పని చేయలేదు. అలాగే తుపాను దెబ్బకు ఒక దారి తెగి, సిగ్నల్ చుట్టుదారిన అదనంగా ఎనిమిది వందల కిలోమీటర్లు తిరగాల్సి వస్తే, మధ్యలో సిద్ధంగా ఉంచిన రెండు మూడు రీజెనరేటర్లు దాన్ని గట్టెక్కిస్తాయి. ఘాట్లు, అడవుల్లో మజిలీ కట్టే వీలులేని 120 కిలోమీటర్ల అంచె వచ్చినప్పుడు రామన్ యాంప్లిఫయర్ అక్కరకొస్తుంది. అది పంపు వెలుతురును ఎదురు దిక్కు నుంచి పంపి, దారిలోని ఫైబర్‌నే యాంప్లిఫయర్‌గా మార్చుకుంటుంది.

ఈ లెక్క మొత్తాన్ని కదిలించగల మార్పు మళ్లీ సౌతాంప్టన్ నుంచే వస్తోంది. గాజు బదులు మధ్యలో గాలి ఉండే బోలు ఫైబర్‌లో కిలోమీటరుకు 0.091 డెసిబెల్ నష్టాన్ని అక్కడి బృందం, మైక్రోసాఫ్ట్ కలిసి 2025లో ప్రకటించాయి. దాంతో 80 కిలోమీటర్ల అంచెలో 16 బదులు 7.3 డెసిబెల్‌లే పోతాయి. అతుకులకు అదే 4 వేసినా అంచె నష్టం 11.3, ఢిల్లీ లెక్క 23 నుంచి 31.7కు లేస్తుంది. 400 గిగాబిట్‌లు ఎక్కడా ఆగకుండా 7.7 మిగులుతో పోతాయి. కానీ బోలు ఫైబర్‌ను అతికించడం గాజు పోగును అతికించడం కంటే కష్టం. 40 అతుకులూ సగటున 0.3కు చేరితే 12 డెసిబెల్‌లు పోయి, అంచె నష్టం 19.3 అవుతుంది. ఢిల్లీ లెక్క 23.7 దగ్గర ఆగుతుంది, 400కు 0.3 డెసిబెల్ తక్కువ.